చిల్పెరిక్ నిజంగా ‘మన కాలపు నీరో’యేనా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. నేటి ఫ్రాన్స్ ప్రాంతాన్ని ఏలిన ఫ్రాంకులనే జాతికి 6వ శతాబ్దపు రాజైన మొదటి చిల్పెరిక్‌ను అతని సమకాలికుడైన బిషప్ గ్రెగరీ "మన కాలపు నీరో, మన కాలపు హెరోడ్" అని, అంటే క్రూరత్వానికి పేరుమోసిన ఆ ఇద్దరు పాత పాలకులతో పోల్చి, రాశారు కదా, ఆ మాటను ఎంతవరకు నమ్మవచ్చు అన్నది మొదటిది. 584లో అతణ్ణి చంపించింది భార్య ఫ్రెడెగుండే అన్న కథ నిజమేనా అన్నది రెండవది. ఈ కాలపు చరిత్రను చాలా ఏళ్లు విద్యార్థులకు చెప్పినవాణ్ణి కనుక నా అభిప్రాయం ముందే చెబుతాను. గ్రెగరీ ఆ తీర్పు రాసింది రాజు చనిపోయిన తరువాత. రాజు బతికి ఉన్న రోజుల గురించి ఆయనే కళ్ళారా చూసి రాసిన దృశ్యాలు కొన్ని ఉన్నాయి. ఆ దృశ్యాలను తీర్పుతో కలపకుండా విడిగా చదివితే, అందులో కనిపించే మనిషి క్రూరుడే గానీ నీరో మాత్రం కాదు.

ముందుగా గ్రెగరీ ఎవరో, ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారో తెలియాలి. ఆయన 573లో తూర్ నగరానికి బిషప్ అయ్యారు. అప్పటికి ఆ నగరం చిల్పెరిక్ అన్నగారైన సిగెబర్ట్ ఏలుబడిలో ఉండేది. గ్రెగరీ నియామకం సిగెబర్ట్, అతని రాణి బ్రున్‌హిల్డ్ ఆదరణతో జరిగింది. 575లో సిగెబర్ట్ హత్యకు గురైన తరువాత తూర్ చిల్పెరిక్ చేతిలోకి వచ్చింది, 584 వరకు అలాగే ఉంది. అంటే పాత ప్రభువు మనిషిగా వచ్చిన బిషప్, ఆ ప్రభువుకు శత్రువైన తమ్ముడి కింద ఎనిమిదేళ్లకు పైగా పనిచేయవలసి వచ్చింది. ఆ ఎనిమిదేళ్లలో ఒకసారి ఆయనే ముద్దాయిగా ఆ రాజు ముందు నిలబడ్డారు కూడా. చిల్పెరిక్ గురించి మనకు తెలిసినదానిలో అత్యధిక భాగం ఈ ఒక్క మనిషి రాసినదే కాబట్టి, ఈ సంగతి మరచిపోయి చదివితే దారి తప్పుతాము.

చిల్పెరిక్ ఫ్రాంకులను ఏకం చేసిన రాజు క్లోవిస్ మనుమడు, మొదటి క్లోతార్ కొడుకు. అతని పుట్టుక వెనుక గ్రెగరీ ఒక కథ చెబుతారు. క్లోతార్ భార్య ఇంగుండ్, తన చెల్లెలు అరెగుండ్‌కు తగిన వరుణ్ణి చూడమని భర్తను కోరింది. రాజు వెళ్ళి మరదలిని చూసి, తానే పెళ్ళి చేసుకుని తిరిగి వచ్చి, "నాకంటే మంచివాడు ఎవరూ కనిపించలేదు" అన్నాడు. ఆ అరెగుండ్ కొడుకే చిల్పెరిక్. మిగిలిన ముగ్గురు అన్నలు, అంటే చారిబర్ట్, గుంత్రామ్, సిగెబర్ట్, పెద్ద భార్య ఇంగుండ్ పిల్లలు. 1959లో పారిస్ దగ్గరి సాన్ దెనీ చర్చి కింద జరిపిన తవ్వకాల్లో పట్టు వస్త్రాలతో, నగలతో పూడ్చిన ఒక స్త్రీ సమాధి బయటపడింది. ఆమె ఉంగరం మీద ‘ఆర్నెగుండిస్’ అన్న పేరు ఉంది. ఆమె ఈ అరెగుండే అని చాలామంది పండితులు భావిస్తారు. మారుటి తల్లి పిల్లల మధ్య వాటాల తగాదా ఎలా ఉంటుందో మన పల్లెల్లో ఎవరిని అడిగినా చెబుతారు. చిల్పెరిక్ తొలి పనులను ఆ కోణం నుంచి చూస్తే కొంత అర్థమవుతాయి.

561లో తండ్రి అంత్యక్రియలు ముగిశాయో లేదో, అతడు బెర్నీ అనే రాచ ఎస్టేటుకు వెళ్ళి అక్కడి ఖజానాను చేజిక్కించుకుని, అందులోంచి పలుకుబడి గలవారికి పంచిపెట్టి, పారిస్‌లోకి ప్రవేశించాడు. అన్నలు ముగ్గురూ ఒక్కటై అతణ్ణి అక్కడి నుంచి తరిమి, వాటాలు వేశారు. చారిబర్ట్‌కు పారిస్, గుంత్రామ్‌కు ఓర్లియాన్, సిగెబర్ట్‌కు రాన్స్, చిల్పెరిక్‌కు స్వాసోన్ కేంద్రాలయ్యాయి. ఆ వెంటనే, సిగెబర్ట్ తూర్పు సరిహద్దులో అవార్లు అనే జాతితో యుద్ధంలో ఉన్న సమయం చూసి, చిల్పెరిక్ రాన్స్ మీద పడ్డాడు. సిగెబర్ట్ తిరిగి వచ్చి స్వాసోన్‌ను పట్టుకోవడమే కాక, చిల్పెరిక్ కొడుకు థ్యూడెబర్ట్‌ను బందీగా తీసుకుపోయాడు. ఏడాది తరువాత, ఇకమీద తనపై కత్తి ఎత్తనని ప్రమాణం చేయించుకుని, కానుకలిచ్చి మరీ పంపించాడు. ఆ ప్రమాణం నిలవలేదు.

ఇప్పుడు చిల్పెరిక్‌ను ఏ విధంగానూ సమర్థించలేని విషయానికి వస్తాను. సిగెబర్ట్ స్పెయిన్‌లోని విసిగోత్ రాజు అథనగిల్డ్ కూతురు బ్రున్‌హిల్డ్‌ను పెళ్ళాడాడు. రాచకన్యను చేసుకున్న అన్నను చూసి చిల్పెరిక్ కూడా రాయబారులను పంపి, ఉన్న భార్యలందరినీ వదిలేస్తానని మాట ఇచ్చి, బ్రున్‌హిల్డ్ అక్క గాల్స్‌వింతాను కోరాడు. ఆమె పెద్ద సంపదతో వచ్చింది. పెళ్ళి మర్నాడు వరుడు వధువుకు ఇచ్చే కానుకగా, అంటే మనం స్త్రీధనం అనుకోదగిన ఆస్తిగా, బోర్దో, లిమోజ్, కాయోర్‌లతో సహా అయిదు నగరాలు ఆమెకు దక్కాయి. కానీ అంతకు ముందు నుంచే రాజుకు ప్రియురాలైన ఫ్రెడెగుండ్ ఆ ఇంట్లోనే ఉంది. అవమానాలు భరించలేక, తెచ్చిన సొమ్మంతా ఇక్కడే వదిలేస్తాను, నన్ను పుట్టింటికి పంపించండి అని గాల్స్‌వింతా ప్రాధేయపడింది. రాజు మంచి మాటలతో ఊరడించాడు. చివరకు ఒక బానిస చేత గొంతు నులిమించి చంపించాడు. ఆమె పడకలోనే శవమై కనిపించింది. కొన్ని రోజులు ఏడ్చి, ఫ్రెడెగుండ్‌ను పెళ్ళాడాడు. ఇందులో గ్రెగరీ పక్షపాతానికి తావు లేదు. ఆ అయిదు నగరాలు బ్రున్‌హిల్డ్‌కు చెందాలన్న వివాదం 587లో కుదిరిన ఆండెలో ఒప్పందం దాకా నడిచింది, ఆ ఒప్పంద పాఠం నేటికీ మనకు ఉంది.

తరువాతి పదేళ్ళ యుద్ధాల వివరాలు ఇక్కడ అవసరం లేదు. 567లో చారిబర్ట్ వారసులు లేకుండా చనిపోవడంతో అతని వాటాను ముగ్గురూ పంచుకున్నారు. పారిస్‌ను మాత్రం ఉమ్మడిగా ఉంచి, మిగిలిన ఇద్దరి అనుమతి లేకుండా ఎవరూ అందులో అడుగు పెట్టకూడదని, పెట్టినవాడికి శాపం తగులుతుందని పత్రం రాసుకున్నారు. ఈ పత్రం సంగతి గుర్తుంచుకోండి, తరువాత పనికి వస్తుంది. 575 నాటికి చిల్పెరిక్ పూర్తిగా ఓడిపోయి, భార్యాపిల్లలతో తూర్నే కోటలో చిక్కుకుపోయాడు. విత్రీ అనేచోట అతని సైన్యమే సిగెబర్ట్‌ను డాలు మీద పైకెత్తి తమ రాజుగా ప్రకటించింది. ఆ క్షణంలోనే ఇద్దరు యువకులు ఏదో విన్నవించుకోవడానికి వచ్చినట్టు దగ్గరకు వచ్చి, విషం పూసిన కత్తులతో సిగెబర్ట్‌ను రెండు పక్కలా పొడిచారు. వారిని పంపింది ఫ్రెడెగుండ్ అని గ్రెగరీ నిర్ద్వంద్వంగా చెబుతారు. తూర్నేలో చావుకు సిద్ధపడి ఉన్న చిల్పెరిక్ ఒక్క రోజులో విజేత అయ్యాడు.

నా దృష్టిలో అసలు చిల్పెరిక్ కనిపించేది 577లో. అంతకు ముందు ఏడు అతని కొడుకు మెరోవెక్, తండ్రి పంపిన పని వదిలేసి రువాన్ నగరానికి వెళ్ళి, అక్కడ నిర్బంధంలో ఉన్న బ్రున్‌హిల్డ్‌ను, అంటే గాల్స్‌వింతా చావుకు పగబట్టిన తన పెద్దనాన్న భార్యను, పెళ్ళాడాడు. ఆ పెళ్ళి జరిపించిన రువాన్ బిషప్ ప్రెటెక్స్‌టాటస్ మీద రాజద్రోహం మోపి, పారిస్‌లోని సెయింట్ పీటర్ చర్చిలో బిషప్‌ల సభ చేత విచారణ చేయించారు. సభలో అందరూ భయంతో నోరు మెదపనప్పుడు గ్రెగరీ లేచి, సాటి బిషప్‌ను రాజు కోపానికి బలిపెట్టవద్దని హితవు చెప్పారు. ఆ మాట వెంటనే రాజు చెవిన పడింది, గ్రెగరీకి పిలుపు వచ్చింది.

రాజు కొమ్మలతో వేసిన ఒక పందిరి పక్కన నిలబడి ఉన్నాడు. కుడివైపు బోర్దో బిషప్ బెర్ట్రామ్, ఎడమవైపు పారిస్ బిషప్ రాగ్నెమోడ్. వారి ముందు ఒక బల్ల, దాని నిండా రొట్టెలు, రకరకాల వంటకాలు. గ్రెగరీని చూడగానే రాజు, "బిషప్, నువ్వు అందరికీ న్యాయం చేయవలసినవాడివి, నాకు మాత్రం న్యాయం చేయడం లేదు, కాకి కన్ను కాకి పొడవదన్న సామెత నీ పట్ల నిజమైంది" అన్నాడు. గ్రెగరీ జవాబు ప్రసిద్ధమైనది: "మాలో ఎవరైనా న్యాయం తప్పితే మీరు సరిదిద్దగలరు, మీరే తప్పితే మిమ్మల్ని ఎవరు మందలిస్తారు?" రాజుకు కోపం వచ్చి, తూర్ ప్రజలను పిలిచి నీకు వ్యతిరేకంగా కేకలు వేయిస్తాను, రాజునైన నాకే ఇతని దగ్గర న్యాయం దొరకనప్పుడు మీకేం దొరుకుతుంది అని వాళ్ళతో అంటాను, అని బెదిరించాడు. అప్పటికీ బిషప్ లొంగకపోయేసరికి స్వరం మార్చి, ముందున్న చారును చూపిస్తూ, "ఇది నీకోసమే చేయించాను, ఇందులో పక్షి మాంసం, కాసిన్ని శనగలు తప్ప మరేమీ లేదు" అన్నాడు. గ్రెగరీ, మా ఆహారం దేవుని ఇష్టాన్ని నెరవేర్చడమే అని చెప్పి, మీరు చర్చి నియమాలను మీరనని మాట ఇవ్వండి అని అడిగారు. రాజు కుడిచేయి చాచి, సర్వశక్తిమంతుడైన దేవుని మీద ప్రమాణం చేశాడు. అప్పుడు గ్రెగరీ రొట్టె తిని, కొంచెం వైన్ తాగి బయటకు వచ్చారు. చారు ముట్టినట్టు మాత్రం రాయలేదు.

ఈ ఘట్టాన్ని తరగతిలో చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు, ఆ చారులో విషం ఉందని గ్రెగరీ అనుమానించారా అని అడుగుతారు. అది అసంభవం అనలేము. కానీ నాకు ముఖ్యంగా తోచేది వేరు. తనను ఎదిరించిన బిషప్‌ను ఈ రాజు సామెతతో దెప్పాడు, బెదిరించాడు, బుజ్జగించాడు, భోజనం పెట్టబోయాడు, చివరకు ప్రమాణం చేశాడు. ఆ రాత్రి ఫ్రెడెగుండ్ మనుషులు 200 పౌండ్ల వెండి ఇస్తామని గ్రెగరీ బసకు వచ్చారు; ఆయన ఒప్పుకోలేదు. ప్రెటెక్స్‌టాటస్‌ను క్షమిస్తామని ఆశ చూపి నేరం ఒప్పించిన తరువాత, చిల్పెరిక్ బిషప్‌ల కాళ్ళ ముందు సాగిలపడి, "వినండి, ముద్దాయి తన నోటితోనే ఒప్పుకున్నాడు" అన్నాడు. ఇది మోసమే, సందేహం లేదు. అయితే చర్చి చట్టాన్ని కాదని ముందుకు పోలేనని తెలిసినవాడు చేసే మోసం. ప్రెటెక్స్‌టాటస్‌కు పడింది దేశబహిష్కారం, మరణశిక్ష కాదు. మెరోవెక్ మాత్రం తండ్రి మనుషులకు చిక్కే పరిస్థితిలో, తన సేవకుడినే చంపమని కోరి ప్రాణం వదిలాడు.

580 సంవత్సరం ఈ రాజు జీవితంలో అన్నిటికంటే బరువైనది. అంతకు ముందు అతడు రాజ్యమంతటా కొత్త పన్ను చిట్టాలు రాయించాడు. సొంత భూమిలో ప్రతి అర్పెంట్ (అప్పటి భూమి కొలత) ద్రాక్షతోటకు ఒక ఆంఫోరా, అంటే రోమన్ కొలతలో సుమారు 26 లీటర్ల వైన్ కట్టాలి. మిగతా భూముల మీద, బానిసల మీద వేరే పన్నులు. 579 మార్చి 1న లిమోజ్ ప్రజలు గుమిగూడి, పన్ను అధికారి మార్క్‌ను చంపబోయారు. స్థానిక బిషప్ ఫెరియోలస్ అడ్డుపడకపోతే అతడు బతికేవాడు కాదు. జనం చిట్టాలను లాక్కుని తగలబెట్టారు. రాజు మనుషులు వచ్చి చిత్రహింసలు పెట్టారు, కొందరిని చంపారు, మఠాధిపతులను, పూజారులను సైతం కొయ్యలకు కట్టి హింసించారు. మరుసటి ఏడు గాల్ దేశమంతటా, అంటే నేటి ఫ్రాన్స్ ప్రాంతమంతటా, రక్త విరేచనాల మహమ్మారి వచ్చింది. రాజు జబ్బుపడి లేచాడు. ఫ్రెడెగుండ్ పిల్లలు డాగోబర్ట్, క్లోడోబర్ట్ ఒకరి తరువాత ఒకరు పడకేశారు. పేదల కన్నీళ్ళు, విధవరాండ్ర ఏడుపులు, అనాథల నిట్టూర్పులు మన పిల్లలను చంపుతున్నాయని, ఎవరికోసం కూడబెడుతున్నామో తెలియకుండానే కూడబెడుతున్నామని ఫ్రెడెగుండ్ విలపించి, తన నగరాలకు సంబంధించిన చిట్టాలు తెప్పించి నిప్పుల్లో వేసింది. రాజు తటపటాయించాడు. "ఇంకా ఆలోచిస్తావేం? నేను చేసినట్టే చెయ్యి" అని ఆమె అన్న తరువాత అతడూ తన చిట్టాలను మంటల్లో పడేశాడు. పిల్లలు దక్కలేదు. చిన్నవాణ్ణి సాన్ దెనీలో పూడ్చారు. పదిహేనేళ్ళ క్లోడోబర్ట్‌ను డోలీలో వేసి స్వాసోన్‌లోని సెయింట్ మెదార్ సమాధి దగ్గరికి మోసుకుపోగా, అక్కడే అర్ధరాత్రి చనిపోయాడు.

గ్రెగరీ ఈ సంఘటనను దైవశిక్షగానే చూస్తారు. తూర్ నగరానికి అక్కడి ప్రధాన సెయింట్ అయిన మార్టిన్ మహిమ పేరుతో పన్ను మినహాయింపు ఉండాలని ఆయన జీవితాంతం పోరాడారన్నది ఇక్కడ గుర్తు చేసుకోవాలి. రోమన్ కాలపు పన్ను యంత్రాన్ని కూలిపోకుండా నిలబెట్టాలని చూసిన ఏ రాజైనా ఆయన కలంలో పాపాత్ముడే అవుతాడు.

ఆ ఏడే తన మొదటి భార్య ఆడోవెరా కడుపున పుట్టిన క్లోవిస్ అనే కొడుకును, చేతబడితో తమ్ముళ్ళను చంపించాడన్న ఆరోపణ మీద, చిల్పెరిక్ ఫ్రెడెగుండ్‌కు అప్పగించాడు. ఆ కుర్రవాడు కత్తిపోటుతో చనిపోయాడు. ఆడోవెరాను కూడా దారుణంగా చంపారు. గ్రెగరీ మీద విచారణ జరిగింది కూడా అప్పుడే, బెర్నీ ఎస్టేటులో. ఫ్రెడెగుండ్‌కు బోర్దో బిషప్ బెర్ట్రామ్‌తో అక్రమ సంబంధం ఉందని గ్రెగరీ ప్రచారం చేశారని, తూర్ కౌంటుగా, అంటే నగరంలో రాజు తరఫు అధికారిగా, పనిచేసిన ల్యూడాస్ట్ ఫిర్యాదు చేశాడు. రాణి మీద ఇంతటి అపవాదు వచ్చినప్పుడు రాజు ఏం చేశాడు? బిషప్ మీద కిందివాళ్ళ సాక్ష్యం చెల్లదన్న సభ వాదనకు తలవంచి, గ్రెగరీ మూడు వేదికల దగ్గర ప్రార్థనలు జరిపి ప్రమాణం చేస్తే చాలన్నాడు. గ్రెగరీ ప్రమాణం చేసి ఇంటికి వెళ్ళారు. ల్యూడాస్ట్ అక్కడి నుంచి పారిపోయాడు, తరువాత ఫ్రెడెగుండ్ చేతిలో ఘోరమైన చావు చచ్చాడు.

ఈ సభకు వచ్చిన మరొకరి సాక్ష్యం మనకు ఉంది. ఇటలీ నుంచి వచ్చి ప్వాతియేలో స్థిరపడిన కవి వెనాంటియస్ ఫోర్చునాటస్, గ్రెగరీకి ఆప్తమిత్రుడు, బెర్నీ సభకోసం చిల్పెరిక్‌ను పొగుడుతూ ఒక దీర్ఘ కవిత రాశాడు. రాజు పేరుకు ఫ్రాంకుల భాషలో ‘బలమైన సహాయకుడు’ అన్న అర్థం వస్తుందని, పరాక్రమంలో పూర్వులతో సమానమైనా చదువులో వారిని మించాడని అందులో ఉంది. ఆస్థాన కవిత్వం కాబట్టి దాన్ని అక్షరాలా తీసుకోలేము. అయినా మిత్రుడి ప్రాణం మీదికి వచ్చిన వేళ రాజును మెత్తబరచడానికి కవి ఎంచుకున్న అంశాలు న్యాయం, చదువు. ఈ రాజు ఏ పొగడ్తకు పొంగిపోతాడో ఆ కవికి తెలుసు.

ఆ చదువు ఉత్త మాట కాదు. చిల్పెరిక్ లాటిన్‌లో పద్యాలు రాశాడు. వాటిలో హ్రస్వాల చోట దీర్ఘాలు, దీర్ఘాల చోట హ్రస్వాలు వేశాడని, కుంటి పాదాలని గ్రెగరీ ఎగతాళి చేశారు. సెయింట్ మెదార్ మీద అతని పేరుతో ఉన్న ఒక స్తోత్రం నేటికీ మిగిలి ఉంది. అంతటితో ఆగక, ఫ్రాంకుల నోట పలికే ధ్వనులకు లాటిన్ లిపి చాలదనుకుని నాలుగు కొత్త అక్షరాలు చేర్చాడు. దీర్ఘ ‘ఓ’, ‘ఏ’కు దగ్గరగా పలికే ఒక సంయుక్త స్వరం, నాలుక పళ్ళకు తగిలించి పలికే ‘థ’ వంటి ధ్వని, పెదవులతో పలికే ‘వ’ వంటి ధ్వని, వీటికోసం అవి. పిల్లలకు ఇవే నేర్పాలని, పాత పుస్తకాలను నురుగురాయితో గీకి కొత్త అక్షరాలతో తిరగరాయాలని నగరాలన్నిటికీ ఉత్తరాలు పంపాడు. ఆ సంస్కరణ అతనితోనే పోయింది, కానీ తన ప్రజల ఉచ్చారణను చెవిపెట్టి విన్న రాజు తప్ప మరొకడు ఆ నాలుగు ధ్వనులనే ఎంచుకోలేడు. త్రిత్వంలో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని ముగ్గురని వేరువేరుగా చెప్పకూడదు, దేవుడు అని మాత్రమే అనాలి అని ఒక చిన్న గ్రంథం రాసి గ్రెగరీకి వినిపించాడు కూడా. గ్రెగరీ కొట్టిపారేశారు. ఆల్బీ బిషప్ సాల్వియస్ అయితే, ఆ కాగితం చేతికి అందితే చింపి పారేసేవాణ్ణి అన్నట్టు విరుచుకుపడ్డాడు. రాజు ఆ ఆలోచన మానుకున్నాడు. ఆ ఇద్దరిలో ఎవరికీ ఏ శిక్షా పడలేదు.

రాజు తన గురించి తాను ఏమనుకున్నాడో నోజాన్ ఎస్టేటులో 581లో జరిగిన దృశ్యంలో తెలుస్తుంది. గ్రెగరీ ఏదో పని మీద వెళ్ళినప్పుడు, చక్రవర్తి రెండవ టిబేరియస్ కాన్‌స్టాంటినోపుల్ నుంచి పంపిన బంగారు పతకాలను చిల్పెరిక్ చూపించాడు. ఒక్కొక్కటి ఒక పౌండు బరువు, ఒకవైపు చక్రవర్తి ముఖం, రెండోవైపు నాలుగు గుర్రాల రథం, ‘రోమన్ల కీర్తి’ అన్న అక్షరాలు. వాటి పక్కనే తాను చేయించిన ఒక పెద్ద పళ్ళెం, 50 పౌండ్ల బంగారం, రత్నాలు పొదిగినది. "ఫ్రాంకుల జాతికి గౌరవం, అందం తేవడానికి దీన్ని చేయించాను, బతికి ఉంటే ఇలాంటివి ఇంకా ఎన్నో చేయిస్తాను" అన్నాడు. స్వాసోన్‌లో, పారిస్‌లో రథాల పందేల కోసం రోమన్ తరహా సర్కస్‌లు, అంటే పందెపు మైదానాలు, కట్టించింది కూడా ఇదే మనిషి. పశ్చిమాన రోమన్ చక్రవర్తి లేకుండా పోయి అప్పటికి నూరేళ్లు దాటింది. ఆ ఖాళీ పీఠం ఎలా ఉండేదో ఊహించుకుని, అందులో కూర్చోవాలని ఆశపడ్డ ఫ్రాంకు రాజుగా నేను చిల్పెరిక్‌ను చూస్తాను. ఆ ఆశకు చీకటి వైపు కూడా ఉంది. 582లో చాలామంది యూదులకు బలవంతంగా బాప్తిస్మం ఇప్పించాడు. తనకు విలువైన సరుకులు కొనిపెట్టే ప్రిస్కస్ అనే యూదుడు మతం మారనన్నందుకు అతణ్ణి నిర్బంధించాడు.

గ్రెగరీతో ఏ సంబంధమూ లేని మరొక ఆధారం చిల్పెరిక్ శాసనం. ఫ్రాంకుల పాత సాలిక్ చట్టం ప్రకారం భూమి కొడుకులకే. కొడుకులు లేకపోతే ఇరుగుపొరుగువారికి హక్కు ఉండేది. కొడుకులు లేనప్పుడు ఆ భూమి కూతురికి, ఆ తరువాత తోబుట్టువులకు దక్కాలి, పొరుగువారికి కాదు అని ఈ శాసనం మార్చింది. గాల్స్‌వింతాను చంపించినవాడే ఆడపిల్లలకు భూమి హక్కు రాశాడు. ఈ రెండూ ఒకే మనిషి పనులు, ఒకదాని కోసం మరొకదాన్ని దాచనక్కరలేదు.

మరి ఆ నీరో తీర్పులో అసలు నేరాలుగా గ్రెగరీ వేటిని లెక్కపెట్టారు? హత్యలు, దోపిడీలు, తిండిపోతుతనం ఉన్నాయి. తన ఆజ్ఞ మీరినవారి కళ్ళు పీకించమని ఉత్తర్వుల్లో రాయించేవాడని కూడా ఉంది. అయితే ఎక్కువ చోటు దక్కింది చర్చి తగాదాకు. చర్చిల పేర రాసిన వీలునామాలను చించేసేవాడు. ఏకాంతంలో కూర్చుంటే బిషప్‌లను ఒక్కొక్కరినే ఎగతాళి చేసేవాడు, ఒకడు తేలిక మనిషి, ఒకడు గర్విష్టి, ఒకడు దుబారా మనిషి అని. "మా ఖజానా పేదదైపోయింది, మా సంపద చర్చిలకు తరలిపోయింది, బిషప్‌లు తప్ప ఎవరూ పాలించడం లేదు, మా గౌరవం పోయి నగరాల బిషప్‌ల పాలైంది" అన్నది అతని నిత్య ఫిర్యాదు. ఇది దుర్మార్గుడి మాటలా వినిపించేలా గ్రెగరీ రాశారు గానీ, ఆ శతాబ్దపు భూమి లెక్కలు తెలిసినవారికి అది చాలావరకు నిజమైన పరిశీలన.

గుంత్రామ్‌తో పోల్చితే తేడా స్పష్టమవుతుంది. 580 మహమ్మారిలోనే గుంత్రామ్ భార్య ఆస్ట్రెచిల్డ్ చనిపోతూ, తనకు మందిచ్చిన ఇద్దరు వైద్యులను చంపించమని కోరింది, అతడు చంపించాడు. 590లో రాచ అడవిలో ఒక అడవి ఎద్దును చంపాడన్న అనుమానం మీద తన అంతఃపుర అధికారి చుండోను కొయ్యకు కట్టి రాళ్ళతో కొట్టించాడు. వైద్యుల హత్య పాపం కాకపోదని చాలామంది అనుకున్నారని గ్రెగరీ ఒక మాట అన్నారు. కానీ అదే గుంత్రామ్ ఆయన రచనలో ‘మంచి రాజు’; అతని అంగీ కుచ్చులోని దారాలు నానబెట్టిన నీళ్ళు తాగి ఒక కుర్రవాడి జ్వరం తగ్గిందన్న మహిమ కూడా ఉంది. ఆ గుంత్రామ్ చర్చిలకు ధారాళంగా దానం చేశాడు. ఆ తీర్పు రాసేనాటికి బతికి ఉన్నాడు, చిల్పెరిక్ లేడు.

ఇక రెండవ ప్రశ్న. 583 ఈస్టర్ ముందురోజు చిల్పెరిక్, ఇందాక చెప్పిన ఒప్పంద శాపం తగలకుండా ఉండటానికి ఎందరో సెయింట్ల అవశేషాలను ముందు నడిపించుకుంటూ, పారిస్‌లో ప్రవేశించాడు. మరుసటి సంవత్సరం ఫ్రెడెగుండ్‌కు క్లోతార్ పుట్టాడు. 584 సెప్టెంబర్ 1న కూతురు రిగుంత్‌ను, స్పెయిన్ రాకుమారుడు రెకారెడ్‌కు ఇచ్చి చేయడానికి, 50 బండ్ల సొమ్ముతో పారిస్ నుంచి సాగనంపారు. ఆమెకు తోడుగా రాచ ఎస్టేట్ల కుటుంబాలను బలవంతంగా బండ్లెక్కించారు. కొందరు ఉరిపోసుకున్నారని, నగర ద్వారం దాటుతుండగానే ఒక బండి ఇరుసు విరిగిందని గ్రెగరీ రాశారు. ఆ తరువాత రాజు పారిస్‌కు తూర్పున సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని షెల్ ఎస్టేటుకు వేటకు వెళ్ళాడు. ఒకరోజు చీకటి పడే వేళ తిరిగి వచ్చి, ఒక సేవకుడి భుజం మీద చేయి వేసి గుర్రం దిగుతుండగా, ఎవడో వచ్చి చంక కింద ఒక పోటు, కడుపులో ఒక పోటు పొడిచాడు. నోట్లోంచి, గాయంలోంచి రక్తం కారుతుండగా రాజు ప్రాణం పోయింది.

అందరూ అతణ్ణి వదిలి పారిపోయారు. రాజ దర్శనం దొరకక మూడు రోజులుగా అక్కడే గుడారంలో కాచుకుని ఉన్న సాన్లిస్ బిషప్ మాలుల్ఫ్ వచ్చి, శవాన్ని కడిగి, మంచి బట్టలు తొడిగి, రాత్రంతా స్తోత్రాలు పాడి, తెల్లవారాక పడవలో పారిస్‌కు తీసుకువెళ్ళి సెయింట్ విన్సెంట్ చర్చిలో పూడ్చాడు. అదే నేటి సాన్ జెర్మాన్ దే ప్రే.

చంపించింది ఫ్రెడెగుండే అన్న కథ సుమారు 140 ఏళ్ల తరువాత, 727 ప్రాంతంలో రాసిన ఒక చరిత్రలో మొదటిసారి కనిపిస్తుంది. రాణి తల కడుక్కుంటుండగా రాజు వెనుక నుంచి కర్రతో తట్టాడని, ఆమె ప్రియుడు లాండెరిక్ అనుకుని మాట తూలిందని, రహస్యం బయటపడటంతో ఆ సాయంత్రమే హత్య చేయించిందని ఆ కథ. నాటకానికి బాగుంటుంది. 7వ శతాబ్దపు మరో చరిత్రకారుడు ఫ్రెడెగర్ మాత్రం బ్రున్‌హిల్డ్ పంపిన ఫాల్కో అనేవాడు చంపాడంటాడు. ఫ్రెడెగుండ్ మీద నేరం మోపే అవకాశం దొరికితే ఎన్నడూ వదలని గ్రెగరీ, ఈ హత్యను మాత్రం ఆమె మీద మోపలేదు. ఆమె అంతఃపుర అధికారి ఎబెరుల్ఫ్‌ను నిందించిందని మాత్రమే రాశారు. పైగా ఆమెకు దీనివల్ల కలిగిన లాభం ఏమిటి? చేతిలో నాలుగు నెలల పసివాడు, చుట్టూ శత్రువులు. ఆమె పారిస్ ప్రధాన చర్చిలో తలదాచుకుని, గుంత్రామ్‌కు కబురు పెట్టి, తనకూ బిడ్డకూ రక్షణ అడుక్కోవలసి వచ్చింది. ఆ బిడ్డ రెండవ క్లోతార్‌గా 613లో ఫ్రాంకుల రాజ్యమంతా ఏకం చేసి, బ్రున్‌హిల్డ్‌ను చంపించాడన్నది ముప్పై ఏళ్ల తరువాతి మాట. 584 శరత్కాలంలో దాన్ని ఎవరూ ఊహించి ఉండరు. తన వెంట ఉన్న కొంత సొమ్మును ఆమె కాపాడుకోగలిగింది. షెల్‌లో మిగిలినదాన్ని మాత్రం కోశాధికారులు మూటగట్టుకుని, అప్పుడు మో పట్టణంలో ఉన్న సిగెబర్ట్, బ్రున్‌హిల్డ్‌ల కొడుకు చైల్డెబర్ట్ దగ్గరికి వెళ్ళి చేరిపోయారు. నోజాన్‌లో గ్రెగరీకి చూపించిన ఆ 50 పౌండ్ల బంగారు పళ్ళెం కూడా అందులోనే పోయింది.